పుస్తకంలో 1.94, డ్రైవ్‌లో 1.62: ఒక స్టెర్న్‌డ్రైవ్ గేరు నిష్పత్తిని తేల్చిన కేసు

బోటు పద్దెనిమిది అడుగుల ఫైబర్‌ది. లోపల మెర్‌క్రూజర్ 3.0 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, వెనక ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్ల పెట్టె, అంటే ఆల్ఫా వన్ రెండో తరం డ్రైవ్. యజమానికి నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో రొయ్యల చెరువులున్నాయి. అతిథులను ఉప్పుటేరులో తిప్పడానికి పడమటి తీరం నుంచి వాడిన బోటును కొని తెచ్చుకున్నారు. ఫిర్యాదు ఒక్కటే. లీవరు పూర్తిగా తోసినా, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటరు 3600 దాటదు. ఆ ఇంజను పూర్తి థ్రాటిల్ మీద 4400 నుంచి 4800 మధ్య తిరగాలని తయారీదారే చెబుతాడు. బోటు నడిపే సరంగు మాటల్లో చెప్పాలంటే, “ఎంత రేసు ఇచ్చినా మూలుగుతుంది తప్ప లేవదు.” ముక్కు ఎత్తుకుని నీటి మీదికి రావడాన్నే వీళ్లు లేవడం అంటారు. ఎనిమిది మంది ఎక్కితే ఆ బోటు లేవడానికి చాలా దూరం పట్టేది, ఒక్కోసారి లేచేదే కాదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఇంజను మీద చాలా డబ్బు ఖర్చయి ఉంది. కార్బ్యురేటర్ విప్పి కొత్త కిట్ వేశారు. పెట్రోలు పంపు మార్చారు. ఇగ్నిషన్ టైమింగ్ సరిచూశారు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ నేనూ మళ్లీ కొలిచాను, అన్నీ దగ్గరదగ్గరగా బాగానే ఉన్నాయి. ప్లగ్గులు మాత్రం నల్లగా మసిబారి ఉన్నాయి. భారం మోయలేక తక్కువ వేగంలో ఈడ్చుకొస్తున్న ఇంజను ప్లగ్గులు అలాగే ఉంటాయి. లోడు లారీని నాలుగో గేరులో ఘాట్ ఎక్కిస్తే ఇంజను ఎలా కొట్టుకుంటుందో ఇదీ అంతే. ఇంజను ఆరోగ్యంగా ఉండి కూడా వేగం అందుకోలేకపోతే, దాని తర్వాత ఉన్నవాటిని అనుమానించాలి. అలా ఉన్నవి రెండే: గేర్లు, ప్రొపెల్లర్.

గేర్ల సంగతి ఎవరూ చూడకపోవడానికి కారణముంది. డ్రైవ్ పక్కన సీరియల్ నంబరు, నిష్పత్తి రాసి ఉండే స్టిక్కర్ లేదు. మొత్తం డ్రైవ్‌కు నల్లరంగు దట్టంగా కొట్టారు. బోటుతోపాటు వచ్చిన ఇంజను పుస్తకంలో మాత్రం 1.94 అని ఉంది. అంతకు ముందు చూసిన మెకానిక్ ప్రొపెల్లర్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఇంజను ముందున్న కప్పీ ఎంత తిరిగిందో చూసి, “ఒకటిన్నర దాటింది, రెండుకు తక్కువ, కాబట్టి పుస్తకంలోదే” అని తేల్చేశాడు. ఆ పుస్తకం ఇంజనుకూ దానితో ఫ్యాక్టరీలో జతచేసిన డ్రైవ్‌కూ సంబంధించినది. ఇప్పుడు బోటు వెనక వేలాడుతున్న డ్రైవ్ అదేనని హామీ ఇవ్వదు.

మన తీరంలో ఎక్కువమందికి అలవాటైనవి ఔట్‌బోర్డు ఇంజన్లు, లేదంటే పెద్ద మరబోట్లలోని నేరు షాఫ్టు. స్టెర్న్‌డ్రైవ్ ఈ రెండింటికీ మధ్యలోది. ఇంజను బోటు లోపల వెనక గోడకు ఆనుకుని ఉంటుంది, గేర్లూ ప్రొపెల్లరూ బయట ఔట్‌బోర్డు కాలులా వేలాడతాయి. 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో మార్కెట్లోకి వచ్చిన ఈ పద్ధతి సరదా బోట్లలో బాగా పాకింది. మన కేసుకు కావలసిన తేడా ఒకటుంది. ఔట్‌బోర్డులో గేర్ల తగ్గింపు ఒక్కచోటే, అడుగున ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర జరుగుతుంది. స్టెర్న్‌డ్రైవ్‌లో శక్తి రెండు మలుపులు తిరుగుతుంది. ఇంజను నుంచి అడ్డంగా వచ్చి పైన ఒక జత బెవెల్ గేర్ల దగ్గర కిందికి మళ్లుతుంది, అడుగున మరో జత దగ్గర మళ్లీ అడ్డంగా తిరిగి ప్రొపెల్లర్‌కు చేరుతుంది. మొత్తం నిష్పత్తి ఈ రెండు జతల నిష్పత్తుల గుణకారం.

1.94 అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను 1.94 చుట్లు తిరగాలి. అంకె పెద్దదైన కొద్దీ ప్రొపెల్లర్ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరుగుతుంది. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, పెద్ద అంకె ఉన్న డ్రైవ్ వేస్తే వేగం పెరుగుతుందనుకునేవాళ్లు తరచూ తగులుతుంటారు. రెండో తరం ఆల్ఫా 1991 నుంచి వస్తోంది. దానిలో సాధారణంగా కనిపించే నిష్పత్తులు 1.47, 1.62, 1.81, 1.94. బలమైన ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్లకు చిన్న అంకెలు, ఆరు సిలిండర్ల వీ6కు ఎక్కువగా 1.81, నాలుగు సిలిండర్ల 3.0కు 1.94 జతచేస్తారు. బయటి నుంచి చూస్తే ఈ డ్రైవ్‌లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి ఎక్కుతుంది, ఆరు నట్లు బిగిస్తే చాలు. చిక్కంతా అక్కడే.

నీటి మీద తీసుకున్న లెక్క

డ్రైవ్ మీద స్పానర్ పెట్టేముందు ఉప్పుటేరులో బోటును పరుగెత్తించాం. వేగం, ఇంజను చుట్లు, ప్రొపెల్లర్ పిచ్ అనే మూడూ నమ్మకంగా తెలిస్తే గేరు నిష్పత్తికి ఒక హద్దు దొరుకుతుంది. అసలు కష్టమంతా ఆ నమ్మకం సంపాదించడంలోనే ఉంది.

ముందు టాకోమీటరు. చాలా బోటు టాకోమీటర్ల వెనక సిలిండర్ల సంఖ్య ఎంచుకునే చిన్న మీట ఉంటుంది: 4, 6, 8. నాలుగు సిలిండర్ల ఇంజనుకు అది 6 దగ్గర ఉంటే అసలు వేగంలో మూడింట రెండు వంతులే చూపిస్తుంది. అలాంటప్పుడు 3600 అని కనిపించినా ఇంజను నిజానికి 5400 తిరుగుతుంటుంది. ఈ బోటులో మీట 4 దగ్గరే ఉంది. అయినా కప్పీకి ప్రతిఫలించే పట్టీ అంటించి, కాంతితో కొలిచే చేతి టాకోమీటరుతో సరిచూశాను. 3600 నిజమే.

తర్వాత ప్రొపెల్లర్. హబ్ మీద పిచ్ 19 అని అచ్చు ఉంది. అంటే చెక్కలో స్క్రూ దిగినట్టు జారకుండా వెళ్తే ఒక చుట్టుకు 19 అంగుళాలు ముందుకు పోవాలి. కానీ ఒక రెక్క అంచుకు వెల్డింగు చేసిన గుర్తులు కనిపించాయి. రిపేరులో పిచ్ మారిపోవడం కొత్త కాదు. ప్రొపెల్లర్‌ను చదునైన బల్ల మీద బోర్లించి, మధ్యనుంచి ఒకే దూరంలో రెక్క ముఖం మీద 30 డిగ్రీల ఎడంతో రెండు చోట్ల ఎత్తు కొలిస్తే, ఆ ఎత్తుల తేడాను 12తో గుణిస్తే పిచ్ వస్తుంది. మూడు రెక్కలకూ తేడా 40 మిల్లీమీటర్ల దగ్గరే వచ్చింది. అంటే 480 మిల్లీమీటర్లు, 19 అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ. ప్రొపెల్లర్ నిర్దోషి.

చివరగా వేగం. బోటు స్పీడోమీటర్లను నేను లెక్కలోకి తీసుకోను. జీపీఎస్ పట్టుకుని ఇద్దరం మాత్రమే ఎక్కి, ఒకే నేరు దారిలో రెండు వైపులా నడిపాం. ఉప్పుటేరులో పోటు ఎక్కుతున్నప్పుడు ఒక వైపు వేగం మరో వైపు కంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి రెండింటి సగటు తీసుకోవాల్సిందే. ఒక వైపు గంటకు 58 కిలోమీటర్లు, మరో వైపు 54. సగటు 56.

ఇప్పుడు సూత్రం. ఇంజను చుట్లను అంగుళాల్లోని పిచ్‌తో గుణించి, 0.001524తో గుణించి, గేరు నిష్పత్తితో భాగిస్తే, జారుడు లేనప్పుడు రావలసిన వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. ఆ 0.001524లో మాయ ఏమీ లేదు. అంగుళానికి 0.0254 మీటర్లు, గంటకు 60 నిమిషాలు, కిలోమీటరుకు 1000 మీటర్లు, అంతే. 3600ను 19తో, 0.001524తో గుణిస్తే 104.2. పుస్తకం చెప్పిన 1.94తో భాగిస్తే 53.7.

జీపీఎస్ చూపింది 56. ప్రొపెల్లర్ నీటిలో ఎప్పుడూ కొంత జారుతుంది. ఇలాంటి తేలిక బోట్లకు పూర్తి వేగంలో పది నుంచి ఇరవై శాతం జారుడు మామూలు. జారుడు ఎంతున్నా బోటు వేగం ఆ లెక్కకు లోపలే ఉండాలి. తన స్క్రూ తోసే వేగాన్ని మించి బోటు పోవడం కుదరదు. కాబట్టి 1.94 అబద్ధం. మరో రకంగా చూస్తే, 104.2ను 56తో భాగిస్తే 1.86. నిష్పత్తి ఎంతైనా కావచ్చు, 1.86 కంటే తక్కువే అయి ఉండాలి. డ్రైవ్ విప్పకముందే, కేవలం ఒక పరుగుతో, పుస్తకంలోని అంకె కొట్టుకుపోయింది.

అయితే ఈ లెక్క హద్దు చెబుతుందే గాని అసలు అంకె చెప్పదు. 1.81 అయితే జారుడు 3 శాతం, 1.62 అయితే 13 శాతం, 1.47 అయితే 21 శాతం. మూడు శాతం నమ్మశక్యం కాదు, పదమూడు చాలా సహజం, ఇరవై ఒకటి కూడా పూర్తిగా అసాధ్యం కాదు. జారుడును ఊహించి నిష్పత్తిని తేల్చి, దాని మీద విడిభాగాలకు డబ్బు కట్టేవాళ్లను చూశాను. వచ్చిన పెట్టె తెరిచాక వాళ్ల ముఖాలనూ చూశాను. ఇక చుట్లు లెక్కపెట్టక తప్పదు.

గట్టు మీద లెక్క

బోటును ట్రెయిలర్ మీదికి ఎక్కించి బ్యాటరీ తీగలు విప్పేశాం. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసేశాం. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పే పనిలో ఇంజను ఒక్కసారి పేలినా వేళ్లు పోతాయి, కాబట్టి ఈ రెండూ మరిచిపోకూడనివి. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ అడ్డుపడదు, కప్పీ మధ్యనున్న బోల్టుకు స్పానర్ వేసి ఒక్క చేత్తో ఇంజనును తిప్పవచ్చు. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలోనే తిప్పాలి. ఆల్ఫాలో నీళ్ల పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది, దాని రబ్బరు రెక్కలు ఒక వైపుకు వంగి ఉంటాయి. వెనక్కి తిప్పితే అవి విరగవచ్చు. పొడిగా రాపాడకుండా నీళ్లు పీల్చే రంధ్రాల్లోకి కొళాయి గొట్టంతో కాస్త నీళ్లు వదిలాం.

లీవరు ముందు గేరులో వేయాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆల్ఫాలోని, పళ్లతో పట్టుకునే డాగ్ క్లచ్ ఊరికే పడదు. ఒకరు లీవరు మెల్లగా తోస్తుంటే మరొకరు ప్రొపెల్లర్‌ను అటూ ఇటూ కదిలిస్తే టక్కున పడుతుంది. కప్పీ మీద కాగితంతో చేసిన డిగ్రీల చక్రం అంటించి, దానికి ఎదురుగా ఒక తీగను ముల్లులా కట్టాను. ప్రొపెల్లర్ రెక్క కొసన తెల్లరంగు చుక్క పెట్టి, దాని ఎదుట నేల మీద నిలబెట్టిన చెక్కకు మరో గీత పెట్టాను.

మొదటి గుర్తు పెట్టేముందు ఖాళీని తీసేయాలి. డాగ్ క్లచ్ పళ్ల మధ్య చాలా సందు ఉంటుంది, గేర్ల మధ్య సందు దానికి తోడవుతుంది. ఈ డ్రైవ్‌లో ప్రొపెల్లర్‌ను చేత్తో ఊపితే 30 డిగ్రీల దాకా ఖాళీగా ఆడింది. ప్రొపెల్లర్ వైపు 30 డిగ్రీలంటే ఇంజను వైపు దాదాపు 50 డిగ్రీలు, అంటే 0.13 చుట్టు. ఒక్క చుట్టు మాత్రమే లెక్కపెట్టేవాడికి 1.62 డ్రైవ్ 1.75లా కనిపిస్తుంది. మునుపటి మెకానిక్ పొరపడింది ఇక్కడే. అదే ఖాళీ పదమూడు చుట్లకు పంచితే ఒక్కో చుట్టుకు 0.01 మాత్రమే తేడా వస్తుంది. మేము ఆ ఖాళీని కూడా వదల్లేదు. ఇంజనును తిప్పుతూ, ప్రొపెల్లర్‌ను సహాయకుడు కాస్త వెనక్కి బిగబట్టి ఉండగా, సందంతా ఒక వైపుకు వచ్చాకే సున్నా పెట్టాం. అక్కడి నుంచి ఒకే దిశ. దాటిపోయినా వెనక్కి తిప్పకూడదు.

ఇన్ని చుట్లు తిప్పి, వచ్చిందాన్ని భాగించడం అందరూ చేసే పద్ధతి. నాకు ఇంకొకటి ఇష్టం. గేరు పళ్లు పూర్ణసంఖ్యలు, సగం పన్ను అంటూ ఉండదు. కాబట్టి నిష్పత్తి ఎప్పుడూ రెండు పూర్ణసంఖ్యల భిన్నమే. ప్రొపెల్లర్ గుర్తూ కప్పీ గుర్తూ రెండూ తమ తమ సున్నాలకు ఒకేసారి తిరిగి వచ్చే చోటు దొరికితే ఆ భిన్నం ఉన్నదున్నట్టు దొరుకుతుంది, దశాంశాల అనుమానం ఉండదు. అందుకే ప్రొపెల్లర్ చుక్క గీత మీదికి వచ్చిన ప్రతిసారీ ఆగి, కప్పీ మీద డిగ్రీలు చదివి, పలక మీద రాసుకుంటూ పోయాం. సరంగు చుట్లు లెక్కపెట్టాడు, నేను డిగ్రీలు చదివాను. ఇద్దరు మనుషులు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. మధ్యలో ఫోను మోగితే మొదటికి రావలసిందే.

మొదటి చుట్టుకు కప్పీ ఒక చుట్టూ, ఇంకో 220 డిగ్రీల చిల్లరా తిరిగింది. ఐదో చుట్టుకు ఎనిమిది చుట్లూ 27 డిగ్రీలూ. ఎనిమిదో చుట్టుకు గుర్తు దాదాపు సున్నాకు వచ్చినట్టే కనిపించి ఆశపెట్టింది. ఎనిమిది చుట్లకు దాదాపు పదమూడు అని అనుకోవాలనిపిస్తుంది. కానీ అది 28 డిగ్రీలు వెనకే ఉండిపోయింది, మా కొలతలో అంత తప్పు రావడానికి వీల్లేదు. ప్రొపెల్లర్ పదమూడోసారి గీత మీదికి వచ్చినప్పుడు కప్పీ గుర్తు తీగ ఎదుటే నిలిచింది. సరిగ్గా 21 చుట్లు. ఇంకా అనుమానం ఎందుకని 26 దాకా కొనసాగించాం. 42 చుట్లకు మళ్లీ అక్కడే.

21 బై 13 అంటే 1.615. కేటలాగులో దీన్నే 1.62 అంటారు.

పదమూడు చుట్లకు మిగతా నిష్పత్తులు ఏం చూపించేవో కూడా ముందే రాసి పెట్టుకున్నాను. 1.47 అయితే ఇంజను 19.1 చుట్లు, 1.81 అయితే 23.5, 1.94 అయితే 25.2. వీటిలో ఏదీ 21తో కలగలిసే ప్రసక్తి లేదు. కలగలిసేది మరొకటుంది. 1990 వరకు వచ్చిన మొదటి తరం ఆల్ఫా డ్రైవ్‌ల నిష్పత్తులు 1.50, 1.65, 1.84, 1.98. రెండు తరాల అంకెలను పక్కపక్కన పెట్టి భాగిస్తే అన్నిచోట్లా దాదాపు ఒకే తేడా, రెండు శాతం. పై జతలు అవే, కింది జత మారింది అని ఆ అంకెలే చెబుతాయి. 1.65ను 1.62 నుంచి ఒక చుట్టులో విడదీయడం ఎవరి వల్లా కాదు. పదమూడు చుట్లకు అది 21.4 దగ్గర, అంటే దాదాపు 150 డిగ్రీలు ముందుంటుంది. ఈ కేసులో బయటి ఆకారాన్ని బట్టి రెండో తరమని తెలుస్తూనే ఉంది. పై భాగం ఒక తరానిది, కింది భాగం వేరే తరానిది కలిపి అతికించే ప్రయత్నాలు కూడా జరుగుతాయి కాబట్టి లెక్కతో నిర్ధారించుకోవడం మేలు.

వేరే డ్రైవ్ ఉన్నవాళ్లకు ఒక మాట. మెర్‌క్రూజర్ బ్రావో, వోల్వో పెంటా డ్రైవ్‌లలో డాగ్ క్లచ్ బదులు రాపిడితో పట్టుకునే కోన్ క్లచ్ ఉంటుంది. చేత్తో నెమ్మదిగా తిప్పితే అది పట్టకుండా జారవచ్చు. ప్రొపెల్లర్‌ను కొంచెం బిగబట్టి తిప్పితే పట్టుకుంటుంది. జారిందేమోనన్న అనుమానం వస్తే లెక్క పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరిగే రకాల్లో ఒకదానికే గుర్తు పెట్టి దాన్నే లెక్కపెట్టాలి.

తేలింది ఏమిటి, చేసింది ఏమిటి

3.0 ఇంజను వెనక వీ8కు తగిన డ్రైవ్ ఉంది. మునుపెప్పుడో పాతది పాడైతే చేతికి దొరికింది బిగించి రంగు కొట్టి ఉంటారు. 1.62 గేర్లతో 19 అంగుళాల ప్రొపెల్లర్ తిప్పడమంటే, ఇంజను దృష్టిలో అది 1.94 గేర్లతో దాదాపు 23 అంగుళాల ప్రొపెల్లర్ తిప్పడమే. పిచ్ ఒక అంగుళం పెరిగితే 150 నుంచి 200 చుట్లు పడిపోతాయన్నది బోటు మెకానిక్కులందరి చేతి లెక్క. నాలుగు అంగుళాలకు 600 నుంచి 800. 4500కు పైన ఉండాల్సింది 3600కు పడడాన్ని ఇది చాలావరకు వివరిస్తుంది. లెక్కకంటే ఇంకాస్త ఎక్కువే పడింది, ఎందుకంటే గేరు మారితే ప్రొపెల్లర్‌కు అందే బలమూ తగ్గుతుంది.

ఈ నిర్ధారణ సరైనదో కాదో పరీక్షించడానికి తెలిసినవాళ్ల దగ్గర 15 అంగుళాల ప్రొపెల్లర్ అడిగి తెచ్చి వేశాం. ఇద్దరితో ఇంజను 4350 తిరిగింది. ఇన్నాళ్లు నిందలు మోసిన కార్బ్యురేటర్ ఏ పాపమూ ఎరగదని యజమానికి కళ్లారా చూపించినట్టయింది. వేగం మాత్రం 54 దగ్గరే ఆగింది.

ఇక్కడ నిజాయితీగా ఒక విషయం చెప్పాలి. గేర్ ఆయిల్ బాగుండి ఉంటే నేను 15 కాకుండా అంతకంటే చిన్నది ఒకటి కొనుక్కోమని చెప్పి పని ముగించేవాణ్ని. ఉప్పుటేరులో అతిథులను తిప్పే బోటుకు 54 కిలోమీటర్ల వేగం ఎక్కువే. కొత్త ప్రొపెల్లర్ ఖర్చు గేర్ల ఖర్చులో చిన్న భాగం. కానీ డ్రైవ్ అడుగు స్క్రూ విప్పగానే పాలు కలిపినట్టు తెల్లటి ఆయిల్ కారింది. సీళ్లు పోయి నీళ్లు లోపలికి చేరుతున్నాయి. సీళ్లకోసం పై భాగమూ కింది భాగమూ ఎలాగూ విప్పాలి. మనిషి కూలి, సీళ్లు, బేరింగులు అన్నీ ఎలాగూ పెట్టాల్సినప్పుడు, పై జత గేర్లు ఒక్కటే అదనం. యజమాని ఒక రోజు ఆలోచించుకుని, “విప్పేదేదో ఒక్కసారే విప్పేయ్ మేస్త్రీ, మళ్లీ మళ్లీ నా చేత ఈ మాట అనిపించకు” అన్నారు.

మరో దారి కూడా ఉంది: ఎక్కడైనా పాత 1.94 డ్రైవ్ మొత్తం కొనడం. దాన్ని నేనే వద్దన్నాను. ఒకసారి స్టిక్కర్ లేని డ్రైవ్‌తో దెబ్బతిన్న మనిషికి మరో స్టిక్కర్ లేని డ్రైవ్ కొనమని ఎలా చెప్పడం?

విప్పినప్పుడు పళ్లు లెక్కపెట్టాం. కింద చిన్న గేరుకు 13, దానితో కలిసే ముందు గేరుకు 21. పైన రెండింటికీ సమానంగా పళ్లున్నాయి. గట్టు మీద కప్పీ చెప్పిన మాటే లోపలా ఉంది. కొత్త పై జతలో ఇంజను వైపు గేరుకు 20, నిలువు షాఫ్టు గేరుకు 24. అంటే 1.2. దాన్ని 21 బై 13తో గుణిస్తే 1.94. కింది జతను ముట్టుకోనక్కరలేదు.

గేర్లు మార్చడం చెప్పినంత తేలిక కాదు. బెవెల్ గేర్లు ఒకదానిలో ఒకటి ఎంత లోతుకు దిగాలి, మధ్య ఎంత సందు ఉండాలి అనేది షిమ్ములనే పలుచని రేకుల మందంతో సరిచేయాలి. పాత గేర్ల షిమ్ములు కొత్త గేర్లకు సరిపోతాయని ఆశపడితే కొద్ది నెలల్లో పళ్లు గీరుకుపోతాయి. పళ్ల మీద రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడుతోందో చూసి, సర్వీసు పుస్తకంలోని కొలతలకు వచ్చేదాకా షిమ్ములు మారుస్తూ పోయాం. ఎక్కువ సమయం పట్టింది దీనికే. అన్నీ బిగించాక, ఆయిల్ పోసే ముందు గాలి పీడనంతోనూ, తర్వాత వాక్యూమ్‌తోనూ సీళ్లు పరీక్షించాం. ఈ పరీక్ష వదిలేసే వర్క్‌షాపులు ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు, పట్టేది కొద్దిసేపే.

డ్రైవ్ ఎక్కించాక మళ్లీ అదే డిగ్రీల చక్రం, అదే చుక్క. పదమూడు చుట్లకు 21కి 1.2 రెట్లు, అంటే 25.2 రావాలి. 25 చుట్లు పూర్తయి, పైన చుట్టులో ఐదో వంతు, అంటే 72 డిగ్రీలు. కప్పీ 72 దగ్గర, గీతకు అటూఇటూ రెండు డిగ్రీల లోపు నిలిచింది.

పాత 19 అంగుళాల ప్రొపెల్లరే వేసి నీటిలో దించాం. ఇద్దరితో 4550, రెండు వైపుల సగటు వేగం గంటకు 60 కిలోమీటర్లు. లెక్క ప్రకారం జారుడు లేకపోతే 67.9, కాబట్టి జారుడు 12 శాతం. మునుపటి 13కు దాదాపు సమానం. ప్రొపెల్లర్ అదే, బోటు అదే అయినప్పుడు జారుడు పెద్దగా మారకూడదు. మారి ఉంటే నా కొలతల్లో ఏదో ఒకటి తప్పై ఉండేది. ఎనిమిది మందితో ఇంజను 4400 దగ్గర నిలిచింది, బోటు తడబడకుండా లేచింది.

డ్రైవ్ పక్కన రంగు గీకి, 1.94 అని అచ్చు కొట్టి, బోటు పుస్తకంలో తేదీ వేసి పళ్ల సంఖ్యలతో సహా రాసి ఇచ్చాను. వేగం ఇంకొంచెం పెంచడానికి 21 అంగుళాలది వేయవచ్చా అని యజమాని అడిగారు. నిండు లోడుతో 4400 అంటే తయారీదారు చెప్పిన కనిష్ఠ హద్దు మీదే ఉన్నాం, కాబట్టి 21 వద్దన్నాను. పండుగ సెలవుల్లో పది మంది ఎక్కే రోజులుంటే, మొదట బోటులో ఎంతమందికి అనుమతి ఉందో దాని ప్లేటు మీద చూసుకోమన్నాను. ఆ హద్దులోపే బరువు ఎక్కువైన రోజులకు 17 అంగుళాలది ఒకటి విడిగా ఉంచుకోమని చెప్పాను.